నీళ్ళలో నిలబడి చెప్పాలి

నమోదు 1

మొగ తెరిచే ఉంది. పోటు మామూలుగా వచ్చింది, ఆటు మామూలుగా పోయింది.

సమాఖ్య వారు కొత్త దినచర్య పెట్టె పంపారు. పాతది ఉప్పుగాలికి చెడిపోయింది. దీని ముందు కూర్చుని మాట్లాడితే అదే రాసుకుని, నడిసముద్రంలో ఉన్న రాజధానికి చేరవేస్తుందట. మూత లోపల ఒక కాగితం అంటించారు. చూసినది చూసినట్టు చెప్పవలెను, సొంత అభిప్రాయములు చేర్చరాదు అని. మొదటి ముక్క బాగుంది. రెండో ముక్క రాసినవాళ్ళు నన్నెప్పుడూ చూసి ఉండరు.

కొత్త పెట్టె కాబట్టి పరిచయం చేసుకుంటాను. నా పేరు దేశమ్మ. గవ్వలదిబ్బలో మొగ కాపరిని. మా సరస్సు సముద్రంలో కలిసే సందును మొగ అంటాం. రెండు పక్కలా ఇసుకమేటలు, నడుమ నీళ్ళు. పోటుకు ఉప్పునీళ్ళు లోపలికి వస్తాయి, వాటితో రొయ్యపిల్లలు వస్తాయి. ఇసుక మేట వేసి సందు ఇరుకయితే ఊరివాళ్ళను పిలిచి తవ్విస్తాను. మొగ మూసుకుపోతే సరస్సు మురుగుగుంట అవుతుంది, మేం వలలు మడిచి వేరే దారి చూసుకోవాలి. నా ఉద్యోగం ఇంతే. చెప్పడానికి చిన్నది.

పదకొండు తీరాలు కలిసి ఒకే సమాఖ్య అయిననాడు నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. అందుకని నన్నెవరూ అడగలేదు. మా అమ్మనూ అడగలేదనుకోండి.

నమోదు 3

మొగ తెరిచే ఉంది. దక్షిణం వైపు ఇసుక కాస్త జారింది.

ఈరోజు వంతుల రోజు. సరస్సులో ఏ చోట ఎవరు వల వేయాలో చీట్లు తీసి పంచుకుంటాం. చీట్లు తీసేది వంతుపెద్ద అంకయ్య మామ. మా తాతల నాటి నుంచీ పద్ధతి ఏమిటంటే, వంతులు పంచేవాడు గట్టు మీద కూర్చుని పంచకూడదు. మోకాటి లోతు నీళ్ళలో నిలబడాలి. పంపకం నచ్చనివాళ్ళు గట్టు మీది నుంచి అడుగుతారు, ఆయన నీళ్ళలో నుంచి జవాబు చెబుతాడు. అడిగేవాళ్ళు అయిపోయేదాకా ఒడ్డెక్కడానికి లేదు. ఎండైనా అంతే, వానైనా అంతే.

"అయిందా? ఇంకెవురన్నా ఉండారా? కాళ్ళు నానిపోయినయ్యి," అని అంకయ్య మామ నాలుగుసార్లు అడిగాడు.

"నేనుండా," అంది మా వదిన నాగూరమ్మ. "పోయినసారీ నాకు లోతు లేని చోటే వొచ్చింది. పీతలు కూడా ఆడికి రావడానికి సిగ్గుపడతాయి."

అందరూ నవ్వారు. అంకయ్య మామ నవ్వలేదు. చీట్లు మళ్ళీ కలిపి ఆమె చేతే తీయించాడు.

వేట వంతులయ్యాక పట్టీల వంతు. ఇది మా సొంత తెలివి. సమాఖ్యలో వయసొచ్చిన వాళ్ళందరి చేతికీ ఒక పట్టీ ఉంటుంది. రోజుకో ప్రశ్న వేస్తుంది. కొత్త ఓడరేవు కావాలా, ఫలానా చట్టం ఇష్టమేనా అని. ఆ జవాబులన్నీ కలిపి ఊరికొక ప్రతిరూపం తయారుచేశారు. అది మన బదులు రాజధానిలో మండలిలో కూర్చుని వోటు వేస్తుంది. ఎన్నికలు లేవు, మోసం చేసే నాయకులు లేరు, మీ మనసే మీ ప్రతినిధి అని మొదట్లో గొప్పగా చెప్పారు. మేమూ నెత్తిన పెట్టుకున్నాం. కానీ రోజూ వల లాగే సమయానికే చేతి మీద గుయ్యిమంటుంటే ఎవరికి ఓపిక? అందుకని పట్టీలన్నీ ఒక బుట్టలో వేసి, వారానికొక ఇంటికి వంతు కట్టాం. ఆ వారం ఆ ఇంటివాళ్ళే అందరి పట్టీలకూ జవాబు నొక్కుతారు. నీళ్ళ వంతు, తవ్వకం వంతు ఉన్నట్టే ఇదీ ఒక వంతు.

ఇందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. పైగా రెండేళ్ళ కిందట రాజధాని నుంచి బహుమానం కూడా వచ్చింది. మూడేళ్ళపాటు ఒక్క ప్రశ్నకైనా ఇద్దరు రెండు రకాలుగా చెప్పని ఊరు పదకొండు తీరాల్లో మాదొక్కటేనట. ఏకమత గ్రామం అని రాసిన పెద్ద ఇత్తడి పళ్ళెం ఇచ్చారు. మా వదిన దాన్ని పీతల కుండ మీద మూత పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.

నమోదు 8

మొగ తెరిచే ఉంది. కానీ రెండు ఇసుకమేటల మీదా ఎర్రజెండాలు పాతారు.

పొద్దున నేను వెళ్ళేసరికి నలుగురు మనుషులు కొలతలు తీస్తున్నారు. ఏంటని అడిగితే గోడ అన్నారు. ఎక్కడ అంటే ఇక్కడే అన్నారు. మొగకు అడ్డంగా. తుఫాను ఉప్పెన లోపలికి రాకుండా సముద్రపు గోడ కడుతున్నారట. అన్ని తీరాల్లోనూ కడుతున్నారట.

నాకు ఒళ్ళు మండింది. మా ఊరిని అడగకుండా ఎలా కడతారని కేకలేశాను. అందులో పెద్దవాడు నా వైపు జాలిగా చూసి, మీరు ఒప్పుకున్నారు కదమ్మా అన్నాడు.

ఇది సొంత అభిప్రాయం కిందికి వస్తుందో లేదో తెలియదు, అయినా చెబుతున్నాను. ఆ జెండాలు నాలుగూ నేనే పీకి సరస్సులో పారేశాను.

నమోదు 9

మొగ తెరిచే ఉంది. జెండాలు మళ్ళీ పాతారు. మళ్ళీ పీకాను.

నమోదు 10

మొగ తెరిచే ఉంది.

రాజధాని నుంచి సంధానకర్త వచ్చింది. పేరు రుబైయా. ఉత్తరపు తీరం మనిషి. మెడలో ఒక పట్టె ఉంది, ఆమె తన భాషలో మాట్లాడితే అది తెలుగులో చెబుతుంది. ఎవరు నేర్పారో గాని ఆ తెలుగు పాత పాఠ్యపుస్తకం లాగా ఉంది.

"గోడ నిర్మాణమునకు తమరు తెలిపిన సమ్మతికి సమాఖ్య కృతజ్ఞతలు తెలుపుచున్నది," అంది పట్టె. ఊరంతా వలల కొట్టం ముందు కూర్చుని ఉన్నాం.

"ఎవురు తెలిపినారమ్మా?" అన్నాడు అంకయ్య మామ.

"గవ్వలదిబ్బ తెలిపినది. ఏకగ్రీవముగా."

"గవ్వలదిబ్బ ఇదో, నీ ముందరే కూర్చోనుండాది. ఏ మూల నోరు తెరిచిందో చూపీ."

ఆమె ఓపికగా చెప్పింది. ఏకమత గ్రామాలను ప్రతి విషయానికీ విడిగా అడగాల్సిన పని లేదని మండలి తీర్మానించిందట. అందరూ ఎప్పుడూ ఒకటే చెప్పేచోట మళ్ళీ అడగడం వృథా కదా అన్నది వాళ్ళ వాదన. అలాంటి ఊళ్ళ తరఫున ప్రతిరూపం మాటే చాలట. ప్రతిరూపాన్ని అడిగారు. అది సరేనంది.

బుట్ట, వంతులు, ఇత్తడి పళ్ళెం అన్నీ ఒక్కసారి అందరికీ గుర్తొచ్చాయి. మేం ముచ్చటపడి తీసుకున్న బహుమానంతోనే మా నోరు మూశారు. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

అంకయ్య మామ మాత్రం గమ్మున లేచి పంచె సర్దుకున్నాడు.

"మా ఊళ్ళో ఒక పద్ధతుండాది తల్లీ. నలుగురి సంగతి తేల్చినోడు నీళ్ళలో నిలబడి చెప్పాల. ఆ సరేనన్నోడెవురో, వాడినీడికి పిలిపీ."

రుబైయా ముందు నవ్వింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తన పలక తీసి చదువుకుంది. నవ్వు పోయింది.

"పిలువవచ్చును," అంది పట్టె. "ప్రతిరూపమును దాని జనులు పిలిచిన యెడల అది రావలెను. వారు చాలును అనువరకు వారి ఎదుట ఉండవలెను. అంతవరకు మండలిలో దాని స్థానము ఖాళీ. ఆ గ్రామపు పనులన్నియు ఆగవలెను. అని నియమావళిలో ఉన్నది."

"ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ యాడ దాచినారు?" అన్నాను నేను.

"దాచలేదు. ఇంతవరకు ఎవరునూ పిలువలేదు."

నమోదు 15

మొగ తెరిచే ఉంది. పని ఆగింది. జెండాలు పీకే పని నాకు తప్పింది.

మా ప్రతిరూపం వచ్చింది. పడవలో నిలబెట్టి తెచ్చారు. బూడిదరంగు రేకు మనిషి. ముఖం ఉండాల్సిన చోట నున్నగా ఉంది. మా వాళ్ళు మొదట దూరంగా నిలబడ్డారు. తర్వాత ఎవరో ఉత్త తలతో ఎండలో నిలబెట్టకూడదని తలగుడ్డ చుట్టారు. ఊరికి వచ్చినవాళ్ళు శత్రువులైనా తలగుడ్డ ఇవ్వడం మాకు అలవాటు.

అంకయ్య మామ దాని చేయి పట్టుకుని నీళ్ళలోకి నడిపించి, తను వంతులు పంచేటప్పుడు నిలబడే గుంజ పక్కన నిలబెట్టాడు. మోకాలి దాకా నీళ్ళొచ్చాయి. ఆయన వెనక్కి వచ్చి మొదటిసారిగా గట్టు మీద కూర్చున్నాడు.

"గోడకు సరేనన్నావా?" అని అడిగాడు.

"అన్నాను మామా."

అది మా గొంతు. ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. అంకయ్య మామ సాగదీత, నా విసురు, మా వదిన ముక్కుతో పలికే మాట అన్నీ అందులో ఉన్నాయి. మా యాసే మాట్లాడింది.

"ఎందుకన్నావు?"

"మీరంతా ఎప్పుడూ ఒకటే మాట మీద ఉండారు గదా మామా. మూడేళ్ళ కిందట ఒకరోజు సముద్రమంటే భయమా అని అడిగినారు. భయమే అని అందరూ చెప్పినారు. అదీ గట్టిగా నొక్కి చెప్పినారు. మూడుసార్లు నొక్కినారు. నాలో అంత గట్టి మాట ఇంకోటి లేదు. గోడ గురించి అడిగితే ఆ మాటనే పట్టుకున్నా."

ఆ వారం పట్టీల బుట్ట ఎవరింట్లో ఉందో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. మూడేళ్ళ కిందట కార్తీకంలో ఉప్పెన వచ్చింది. మొగలోంచి లోపలికి వచ్చిన నీళ్ళకు మా అన్న పోలయ్య పోయాడు. తర్వాతి వారం వంతు మా వదినది. దినం కాకముందే బుట్ట ఆమె గుమ్మంలో పెట్టారు. వంతు వంతే అన్నారు.

ఊరంతా తలతిప్పి నాగూరమ్మను చూసింది. ఆమె చూపు తిప్పుకోలేదు. లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

నమోదు 17

మొగ తెరిచే ఉంది. నీళ్ళలో ఉప్పు సరిపడా ఉంది. ఊళ్ళోనే బాగాలేదు.

వదిన పీతల బుట్టలు ఎవరో బోర్లించారు. బావి దగ్గర ఆమె వస్తే నలుగురు మాటలాపేస్తున్నారు. ఊరి గుట్టు పోగొట్టినామె అని ఒకామె అనడం నా చెవిన పడింది. గుట్టా? అరవై ఇళ్ళ బరువూ ఒక్కరి చేతి మీద పడేసి, ఆమె మొగుడు పోయిన వారంలో పడేసి, ఇప్పుడు గుట్టు గురించి మాట్లాడతారా? నాకు కడుపు మండి నాలుగు మాటలన్నాను. బిందె అక్కడే వదిలేసి వచ్చాను. తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను.

సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాను. వల ఎండబెడుతోంది.

"ఏం మే, నువ్వూ తిట్టడానికేనా?"

"బుట్టలు సరిచేసి పోదామని వొచ్చినా."

బోర్లించిన బుట్టలు ఇద్దరం నిలబెట్టాం. తర్వాత ఆమే అంది. "నిజం చెప్తుండా దేశమ్మా. నాకు ఆ మొగ మూస్తేనే నిద్ర పడుతుంది. నువ్వు రోజూ పొయ్యి దాన్ని చూసుకుంటావు, తవ్వించుకుంటావు. మీయన్న ఆ సందులో నుంచే గదా పోయినాడు. మూసేస్తే పోయిందంటుండా."

ఇన్నేళ్ళూ మేం పక్కపక్కనే కూర్చుని పీతలు తిన్నాం. ఈ మాట ఒక్కసారీ అనలేదు. ఎవరైనా అడిగి ఉంటే కదా. మా ఊరు ఏకమతం కదా.

మొగ నాకు అన్నం. ఆమెకు మా అన్నను మింగిన నోరు. ఇది ఎవరు తేలుస్తారో నాకు తెలియడం లేదు. రేకుమనిషి మాత్రం కాదు. దానికి ఆ హక్కు ఎవరిచ్చారు?

నమోదు 21

మొగ తెరిచే ఉంది. సమాఖ్య రేషన్ పడవ రాలేదు.

రేకుమనిషి నీళ్ళలో ఉన్నంతసేపే గోడ ఆగుతుంది. అడిగేవాళ్ళు అయిపోతే చాలు అన్నట్టే లెక్క, ఒడ్డెక్కి వెళ్ళిపోతుంది. అందుకని ప్రశ్నలకు వంతు వేశాం. రోజుకొక ఇల్లు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఆ ఇంటివాళ్ళు అడుగుతూ ఉండాలి. గూకినాక కొంగలు దాని తల మీద వాలతాయి, అది అలాగే నిలబడి ఉంటుంది. మమ్మల్ని ముంచిన వంతునే అడ్డం వేసుకుని కూర్చున్నాం.

నిన్నటి ఇంటివాళ్ళు తుఫాను హెచ్చరిక మాకెందుకు ఉత్తరపు భాషలో వస్తుందని మధ్యాహ్నం దాకా అడిగారు. అది నిజంగా మంచి ప్రశ్న. రుబైయా గొడుగు కింద కూర్చుని అంతా రాసుకుంది. ఈరోజు ఇంటి ముసలావిడ, మండలిలో భోజనానికి ఏం పెడతారు, మా రొయ్యలు కొంటారా, కొంటే ఎందుకు తలలు తీసేస్తారు అని అడిగింది. రేకుమనిషి దేనికీ విసుక్కోలేదు. తెలియనిదానికి తెలీదవ్వా అంది.

రాజధాని నుంచి రుబైయాకు రోజూ చీవాట్లు వస్తున్నాయి. పడవ ఆగడం కూడా వాళ్ళ పనే అని ఆమె ఒప్పుకుంది. ఆమెకు సంకటీ రొయ్యల పులుసూ పెట్టాం. తినేముందు మెడపట్టె తీసి పక్కన పెట్టింది. అప్పుడు ఆమె అసలు గొంతు విన్నాను. చాలా మెత్తటి గొంతు. ఏం చెప్పిందో అర్థం కాలేదు గాని, రెండోసారి వడ్డించుకుంది.

నమోదు 29

మొగ తెరిచే ఉంది. మాలో మాకే తగువు.

రేపు వంతు నాగూరమ్మది. ఆమెను దాటేసి పక్కింటికి వెళదామని సగం ఊరు అంటోంది. ఆమె నీళ్ళ ముందుకెళ్ళి గోడ కట్టు అంటే అంతా అయిపోతుందని భయం. ప్రతిరూపం అదే పట్టుకుని మండలికి వెళ్ళిపోతుంది. అది నిజమే. నాకూ ఆ భయం ఉంది. దాటేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది.

"చీటీలో పేరుండాది," అన్నాడు అంకయ్య మామ. "మనకి నచ్చే మాట చెప్పేవాళ్ళకే వంతిస్తే, మనమూ ఆ రాజధానోళ్ళూ ఒకటే. దాటేది లేదు. నా వంతుపెద్దరికం వొద్దనుకుంటే చెప్పండి, ఇప్పుడే దిగిపోతా."

ఎవరూ చెప్పలేదు. నేను తల వంచుకుని ఇంటికొచ్చాను.

నమోదు 30

మొగ తెరిచే ఉంది. కొలవడం మరిచిపోయాను. ఇదే మొదటిసారి.

వదిన పొద్దున్నే వచ్చింది. మా అన్న తుండు భుజాన వేసుకుంది. అందరూ గట్టు మీద కూర్చుంటారు కదా, ఆమె కూర్చోలేదు. నేరుగా నీళ్ళలోకి దిగి రేకుమనిషి ఎదురుగా నిలబడింది. అడిగేవాళ్ళు నీళ్ళలోకి దిగడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"నేనెవురో తెలుసునా?"

"నాగూరమ్మవు. మూడుసార్లు నొక్కినావు."

"నొక్కినా. భయం గనకనే నొక్కినా. ఇప్పుడూ భయమే. ఆ గోడ కట్టాలనే నా మాట. ఈ ఊరంతా వొద్దన్నా నేను కట్టమనే అంటాను."

గట్టు మీద గోల లేచింది. అంకయ్య మామ చేయి ఎత్తాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"అయితే సరే గదా," అంది ప్రతిరూపం. ఒక అడుగు ఒడ్డు వైపు వేసింది.

వదిన దాని రేకు ఛాతీ మీద చేయి పెట్టి ఆపింది.

"నిలబడు. నా వంతు అయిపోలా. నువ్వు నా భయాన్ని తీసకపొయ్యి అరవై ఇళ్ళ మొహాలకి తగిలించినావు. నా మొగుడు పోయిన వారం నేనేడ్చిన ఏడుపును సరే అని రాసుకున్నావు. గోడ కట్టాలా అని నన్నెవురైనా అడిగినారా? భయమా అని అడిగినారు. భయపడే ఆడదాన్ని అడగాల్సింది ఇంకా చానా ఉండాది. కట్టినాక ఏం తినాలని అడగాల. ఇదో, ఆ గట్టు మీద మా ఆడబిడ్డ కూర్చోనుండాది, దాని మొహం చూసి ఆ మాట అనగలవా అని అడగాల. అనగలను. కానీ నేను అనాల. నా నోటితో, దాని ముందర. నువ్వెవురు నా బదులు అనడానికి?"

గట్టు మీద సగంమంది లేచి నిలబడ్డారు.

"నా మాట నాకిచ్చెయ్," అంది వదిన. "గోడ కావాలన్న మాట కూడా. అదే నా ప్రశ్న. ఇస్తావా, ఇయ్యవా?"

ఇన్నాళ్ళలో రేకుమనిషి జవాబు వెతుక్కోవడం ఇదే మొదటిసారి చూశాను. తర్వాత తను వేసిన అడుగు వెనక్కి వేసింది. రుబైయా వైపు తిరిగింది. మా అందరి గొంతుతో చెప్పింది.

"మండలికి చెప్పమ్మా. నేను సరేనన్న మాట వెనక్కి తీసుకుంటుండా. వొద్దనీ చెప్పడంలా. ఇది నేను చెప్పకూడదు. వాళ్ళనే అడగండి."

రుబైయా రాసుకోవడం ఆపేసింది. మెడపట్టె తీసేసి, వచ్చీరాని మా మాటలో, "చెప్తా," అంది. ఎక్కడ నేర్చుకుందో. సంకటి దగ్గరే అయ్యుండాలి.

వదిన ఒడ్డెక్కుతుంటే నేను వెళ్ళి చేయి అందించాను. పట్టుకుంది.

నమోదు 31

మొగ తెరిచే ఉంది.

అంకయ్య మామ పట్టీల బుట్ట తెచ్చి కొట్టం ముందు బోర్లించాడు. ఎవరి పట్టీ వాళ్ళు ఏరుకున్నాం. కొందరికి తమది ఏదో గుర్తు లేదు. మా ఎదురింటాయన తన పెళ్ళాం పట్టీ పెట్టుకుని ఆమె చేత తిట్లు తిన్నాడు.

వేట వంతులు ఉంటాయి, తవ్వకం వంతు ఉంటుంది. మాట్లాడే వంతు మాత్రం ఇక లేదు. ఎవరి విసుగు వాళ్ళే పడాలి.

నమోదు 36

మొగ తెరిచే ఉంది.

పట్టీలు గుయ్యిమన్నాయి. ఈసారి ప్రశ్న సరిగా ఉంది. మీ సరస్సు మొగకు అడ్డంగా గోడ కట్టడం మీకు సమ్మతమేనా, ఎందుకు?

ఊరు ఊరంతా కొట్టుకుచచ్చింది. అన్నదమ్ములు అరుచుకున్నారు. కట్టమనేవాళ్ళు మా వదిన ఒక్కతే అనుకున్నాం. కాదు. ఉప్పెనలో మనుషులను పోగొట్టుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఇన్నాళ్ళూ గమ్మునున్నారు. తెరిచి మూసే తలుపులు పెట్టమన్నవాళ్ళు ఉన్నారు. తెలీదు అని నొక్కినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళను చూస్తే నాకు ముచ్చటేసింది. వద్దన్నవాళ్ళే ఎక్కువ. నేను వద్దన్నాను. ఎందుకు అన్నచోట చాలా చెప్పాను, పట్టీ మధ్యలో వేడెక్కింది.

వదిన నా పక్కనే కూర్చుని కట్టమని చెప్పింది. తర్వాత ఇద్దరం కలిసి పీతలు వండుకున్నాం. ఆమె కుండ మీది ఇత్తడి పళ్ళెం తీసి నా చేతికిచ్చింది. రుబైయాకు ఇచ్చి పంపు, మనది కాదు ఇంక అంది. కుండకు ఇప్పుడు మూత లేదు.

నమోదు 40

మొగ తెరిచే ఉంది. పడవ వచ్చింది. బియ్యం, నూనె, ఒక తాకీదు.

మా ఏకమత హోదా రద్దయింది. తాకీదులో అది శిక్షలా రాశారు. అంకయ్య మామ దాన్ని పైకి చదివించుకుని రెండోసారి కూడా విన్నాడు. అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. హోదా పోయిన ఊరి విషయం ప్రతిరూపాలతో తేల్చకూడదట. మండలి అధ్యక్షుడు స్వయంగా వచ్చి ఊరివాళ్ళ మాట వినాలట. ఇదీ నియమావళిలోనే ఉందట. ఇదీ ఇంతవరకు ఎవరూ వాడలేదట.

సభకు వేదిక, కుర్చీలు, నీడకు పందిరి ఏర్పాటు చేయాలని చివర్లో రాశారు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. అధ్యక్షుల వారు అస్వస్థులైనందున సభ గట్టు మీద, కూర్చుని జరుగును.

రుబైయా ఆ వాక్యం చదివి మా వైపు చూసింది. తర్వాత అంకయ్య మామ దగ్గరికి వెళ్ళి, గుంజ దగ్గర లోతు ఎంత ఉంటుందని అడిగింది.

ఇప్పుడు ఈ పెట్టెను వినేవాళ్ళకు నేరుగా చెబుతున్నాను. చూసినది చూసినట్టే చెబుతాను.

రేకుమనిషి ఇంకా నీళ్ళలోనే ఉంది. మేం చాలు అనలేదు. తలగుడ్డ మాసిపోతే వదిన నిన్న ఉతికి మళ్ళీ చుట్టింది. గోడ కట్టాలా వద్దా అన్నది మాలో మాకు తేలలేదు. తేలకపోవచ్చు కూడా. వదిన కట్టమనే అడుగుతుంది, నేను వద్దనే అడుగుతాను, ఇద్దరం ఒకే పడవలో వస్తాం. మీ అధ్యక్షుడు ఇద్దరికీ జవాబు చెప్పాలి. మా ఊళ్ళో జవాబు చెప్పేవాడికి కుర్చీ వేయం. ఒంట్లో బాగా లేకపోతే బాగయ్యాక రమ్మనండి. మాకు తొందరేం లేదు, అడిగే ఇళ్ళు అరవై ఉన్నాయి.

నేను ఈరోజు పొద్దున గుంజ పక్కనే ఇంకో గుంజ పాతాను. అడుగు ఇసుకే, గుల్లలు ఏరేశాను, కాళ్ళు కోసుకోవు. చెప్పులు గట్టు మీద వదలాలి. తలగుడ్డ మేమిస్తాం.

నీటి లోతు: మోకాలి దాకా. మొగ తెరిచే ఉంది.